డిక్కీలో పడిన రాయి

ముందుగా ఒక సంగతి ఒప్పేసుకుంటాను. ఆ రోజు నన్ను ఎవరూ భయపెట్టలేదు. చట్టం చేసింది నేనే, దాన్ని మీరామనుకుని వణికింది నేనే, ఎక్కడో ఉన్న పోలీసులను పనిగట్టుకుని రప్పించుకున్నదీ నేనే. తెలివితక్కువతనంలో ఇంతగా స్వయంపోషకుడైన మనిషి బెంగాల్లోని మా లిలువాలో ఇంకొకడు ఉన్నాడనుకోను.

అప్పటికి నా సర్వీసు చివరి ఏడాదిలో పడింది. రైల్వే వర్క్‌షాపులో చివరి ఏడాది అంటే ఏమిటో బయటివాళ్ళకు తెలియదు. జీవితమంతా సుత్తి దెబ్బల మధ్య అరుచుకుంటూ బతికిన మనిషి ఆ ఏడాది గొంతు తగ్గిస్తాడు. రోడ్డు మీద ఎవరైనా తగాదా పడుతుంటే అవతలి పక్కకు దాటేస్తాడు. పక్కింటి కుక్క కరిచినా కుక్కకే క్షమాపణ చెప్పే రకంగా తయారవుతాడు. కారణం ఉంది. మా షాపులో నాకు సీనియరు ఒకాయన ఉండేవాడు. ఊళ్ళో ఆయన తమ్ముడు పొలం గొడవలో ఎవరినో కొడితే, కేసులో ఈయన్నీ కలిపి రాశారు. ఈయన ఆ రోజు ఇక్కడ నాతోపాటే పనిలో ఉన్నాడు. ఆ సంగతి తేలేలోపు రిటైరైపోయాడు. కేసు తేలేదాకా పింఛను లెక్క తేలదన్నారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి గేటు దగ్గర నిలబడేవాడు. షిఫ్టు దిగి వస్తున్న మమ్మల్ని, “ఏమైనా తెలిసిందా?” అని అడిగేవాడు, మాకేదో తెలిసిపోతుందన్నట్టు. కొన్నాళ్ళకు చొక్కా అదే ఉంది, ఇస్త్రీ పోయింది. పింఛను అంచున నిలబడినవాడికి కింద ఎంత లోతుందో ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. నాకు నిద్రలో కూడా కనిపించేది.

ఇంత జాగ్రత్తపరుడు రోడ్డెక్కి బీర్‌భూమ్ అడవులకు ఎందుకు పోయాడంటే, గొప్ప కోసం. అక్కడ ఆమ్‌ఖోయి అనే ఊళ్ళో చెరువు తవ్వుతుంటే రాళ్ళైపోయిన చెట్లు బయటపడ్డాయని, వాటినలాగే ఉంచి తోటలా చేశారని బెంగాలీ పేపర్లో చదివాను. చదివి ఊరుకోక ఇంట్లో పైకి చదివాను. అప్పుడు మా అప్ప అక్కడే ఉంది. అప్ప అంటే మా అక్క. మా వైపు అలాగే పిలుస్తాం. బావ జ్యూట్ మిల్లులో పనిచేసిన నాటి నుంచి ఆమె బడ్జ్ బడ్జ్‌లోనే ఉంటుంది. కొత్త సంవత్సరం ఆరాధనకు మా ఇంటికి వచ్చి నాలుగు రోజులు ఉండిపోవడం ఆమె అలవాటు.

“చెట్టు రాయి అవడమేటిరా?” అంది.

“కొన్ని లక్షల ఏళ్ళు మట్టిలో ఉంటే అవుతుందప్పా.”

“మా మావగారు అంతసేపు లేకండానే అయిపోయీవోరు. మాట్లాడితే పలికీవోరు కాదు.” కాసేపాగి అడిగింది. “గట్టి రాయేనా?”

ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో నాకు తెలుసు. మా అమ్మ పలాస నుంచి తెచ్చుకున్న రుబ్బురోలు అప్పటికీ మా క్వార్టరు వరండాలో ఉంది. దాని పొత్రం నిలువునా చీలిపోయింది. పొత్రం అంటే రోట్లో కూర్చోబెట్టి తిప్పే లావుపాటి గుండ్రాయి. బెంగాలీవాళ్ళు పలక మీద చిన్న రాయి పెట్టి దొర్లించి నూరుకుంటారు. మన పొత్రం ఈ చుట్టుపక్కల ఏ బజారులోనూ దొరకదు. ఇక అప్పటినుంచి అప్ప ఎక్కడికి వెళ్ళినా రాళ్ళను చూడటం మొదలుపెట్టింది. వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వినేది. స్మశానానికి వెళ్ళినా సమాధులను ఒకసారి తట్టి చూసే వచ్చేది. అలాంటి మనిషిని రాళ్ళ తోటకు తీసుకుపోవడం ఎంత తెలివైన పనో అప్పుడు నాకు తట్టలేదు.

మా గల్లీ చివర ఉండే బెంగాలీ డ్రైవరు కారు మాట్లాడాను. నేను, నా భార్య, అప్ప. తెల్లవారకముందే బయల్దేరాం.

నేను పట్టాల మీద పెరిగిన మనిషిని. రోడ్డు నాకు పట్టదు. ఎక్కడికి పోయినా పాసు మీద రైల్లోనే పోయాం. ఎదురొచ్చే బండి పక్క లైనులో వస్తుంది, మన లైనులోకి రాదు అన్న నమ్మకం మీద మా కుటుంబం మూడు తరాలు బతికింది. డాన్‌కుని దాటగానే పొగమంచు కమ్మేసింది. అందులోంచి లారీల వెనక భాగాలు మాత్రం ఒక్కసారిగా ముఖం మీదికొచ్చేవి. డ్రైవరు దాదా ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో బిస్కెట్టు పట్టుకున్నాడు. బిస్కెట్టునే గట్టిగా పట్టుకున్నట్టు నాకనిపించింది. వెనక నా భార్య కీర్తన అందుకుంది. ఆమె కీర్తన పాడితే లారీ దగ్గరికొచ్చిందని అర్థం. బర్ధమాన్ చేరేసరికి ఆమెకు వచ్చిన కీర్తనలన్నీ అయిపోయి మొదటిదానికి వచ్చింది. పానాగఢ్ దగ్గర రోడ్డుకు అడ్డంగా ఇనప చట్రాలు పెట్టి పోలీసులు ఇసక లారీలను ఆపి చూస్తున్నారు. మా కారును ఆపలేదు. ఆపకపోయినా నేను వాళ్ళకు నమస్కారం పెట్టాను.

“ఏటండీ, మీకు తెలిసినోళ్ళా?” అంది నా భార్య.

“తెలియకుండా ఉండాలనే” అన్నాను.

అజయ్ నది దాటి, ఇల్లంబజార్ మీదుగా సాల్ అడవిలోకి పోయాక ఎర్రమట్టి దారి వచ్చింది. తోట అన్న మాట చూసి పూలమొక్కలు ఊహించుకున్నాను. అక్కడ ఉన్నది వేరు. ఎర్ర నేల మీద, ఎవరో నిన్ననే నరికి పడేసినట్టు దుంగలు. బెరడు బెరడులాగే ఉంది. కొమ్మ విరిగిన చోట బుడిపె కట్టి ఉంది. కోసిన చోట లోపల వలయాలు. దగ్గరికెళ్తే కర్ర వాసన మాత్రం లేదు. ఏ వాసనా లేదు. ఆ ఉదయం మేము తప్ప అక్కడ సందర్శకులు లేరు. చుట్టూ బతికున్న సాల్ చెట్లు ఆకు కూడా కదల్చకుండా నిలబడి, తమ పెద్దల శవాలను మేము ఏం చేస్తామో చూస్తున్నట్టున్నాయి. నాకెందుకో చిన్న గొంతుతో మాట్లాడాలనిపించింది.

అప్పకు అలాంటిదేమీ అనిపించలేదు. ఒక దుంగ పక్కన గొంతుక్కూర్చుని కణుపుతో కొట్టింది. ఖంగుమంది.

“ఒరే, ఇది బంగారంలాటి రాయిరా.”

“అప్పా, ముట్టుకోకు.”

“ఏటి, కరుస్తాదేటి?”

అక్కడ నా మూర్ఖత్వం మొదలైంది. వద్దు అని ఊరుకుంటే సరిపోయేది. కానీ అప్ప పెద్ద రాయి వదిలి, పక్కనే పడున్న ఒక ముక్కను చేత్తో తూకం చూస్తోంది. చెట్టు రాయి అయిన చోట నేను చట్టం రాయడం మొదలుపెట్టాను.

“ముట్టుకుంటే ఏడేళ్ళు” అన్నాను.

“ఏటేడేళ్ళు?”

“జైలు. ఇవి సెంట్రల్ గవర్నమెంటువి. ముక్క బయటికి పోయిందంటే బెయిలు కూడా లేదు.”

అప్ప చెయ్యి ఆగింది. నా మాటకు ఆమె చెయ్యి ఆగడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఆ రుచి తలకెక్కింది. “పైగా ఇంట్లో ఎవరైనా సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగి ఉంటే వాడి పింఛను కట్” అన్నాను.

“రాయి ముట్టుకుంటే నీ పింఛనుకేటిరా?”

“ఫ్యామిలీ మొత్తానికి వర్తిస్తుంది.”

“మీకెవరు చెప్పారండీ?” అంది నా భార్య.

“పేపర్లో వేశాడు.”

అప్ప ముక్కను కింద పెట్టేసి, చెయ్యి చీరకు తుడుచుకుంది. నేను చేతులు వెనక్కి కట్టుకుని నడిచాను.

ఆ తర్వాత నేను బోర్డు చదువుతూ నా భార్యకు వివరిస్తున్నాను. బోర్డు మీద లేనివి కూడా వివరిస్తున్నాను. అప్పకు విసుగొచ్చి, డ్రైవరు దాదాను తోడు తీసుకుని ఆనుకుని ఉన్న సంతాల్ గిరిజనుల ఊరు చూసొస్తానని వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఒంటి మీద శాలువా లేదు.

“చలెయ్యట్లేదా వదినా?” అంది నా భార్య.

“ఎండెక్కీసినాది కదా” అంది అప్ప. కారు వెనక డిక్కీ దభీమని పడిన శబ్దం వినిపించింది. నేనప్పుడు పట్టించుకోలేదు.

మధ్యాహ్నం దాటాక, అజయ్ వంతెనకు ఇవతల టీ కోసం ఆగాం. మంచినీళ్ళ క్యాను తీద్దామని డిక్కీ తెరిచాను. క్యాను వెనక, స్టెప్నీ పక్కన, అప్ప తుండుగుడ్డలో ఏదో మూట ఉంది. తిండి సామానేమో అనుకుని ఎత్తబోతే లేవలేదు. గుడ్డ కొంచెం తొలగించాను. నల్లగా, చిన్నపిల్లాడి నడుమంత లావున రాయి. దాని మీద చారలు. అందరికీ భయమేస్తే గుండెల్లో రాయి పడుతుంది. నాకు డిక్కీలో పడింది.

మళ్ళీ చూశాను. చారలు గుండ్రంగా తిరిగి ఉన్నట్టే ఉన్నాయి. ఇవాళ చెప్తున్నాను, ఆ నిమిషంలో ఇటుక చూపించినా నాకు వలయాలు కనిపించేవి. గుడ్డ కప్పేసి డిక్కీ మూశాను. టీ తెచ్చిచ్చారు. తాగలేకపోయాను. నా భార్య పులిహోర పొట్లం విప్పి ముద్ద పెట్టింది. ముద్దాయికి ముద్ద దిగదని అప్పుడే తెలిసింది.

అప్పను అడిగేయవచ్చు కదా అని మీరనుకోవచ్చు. అడిగితే ఆమె చెప్తుంది. చెప్తే నాకు తెలిసినట్టవుతుంది. తెలిసి తీసుకుపోతే నేరం, తెలియక తీసుకుపోతే పొరపాటు అని నాలోని న్యాయశాఖ వాదించింది. ఏడేళ్ళూ బెయిలూ నేను కల్పించినవేనని గుర్తులేక కాదు. అయితే నోటికొచ్చింది అన్నానే గాని, అడవిలోంచి అలాంటి వస్తువు ఎత్తుకుపోతే అసలు శిక్ష ఏముంటుందో నాకు తెలియదు. తెలియని శిక్షకు కొలత ఉండదు. ఏడేళ్ళే నయమనిపించింది. కేసంటూ రాస్తే చాలు, పేరు కలిస్తే చాలు. ఇస్త్రీ పోయిన ఆ చొక్కా కళ్ళ ముందు ఆడింది. ముందు పానాగఢ్. పానాగఢ్‌లో ఇనప చట్రాలు. పొద్దున నేనే పని గట్టుకుని నమస్కారం పెట్టి నా ముఖం గుర్తుపెట్టించాను.

కారు కదిలింది. వెనక అప్ప హాయిగా నిద్రపోతోంది. గుంతలో పడినప్పుడల్లా డిక్కీలో మూట దొర్లి ఇనుముకు కొట్టుకునేది. ఆ శబ్దం నాకొక్కడికే వినిపిస్తోందా, అందరూ విని ఊరుకుంటున్నారా అర్థం కాలేదు. డ్రైవరు దాదా ఒకసారి పక్కకు తిరిగి నా వైపు చూశాడు. ఊరికి తోడు వెళ్ళింది ఇతనే. ఇతనికీ వాటా ఉందా?

“కాకూ, ఘామ్‌ఛేన్ కేనో?” అన్నాడు. చెమటెందుకు పడుతోందని. జనవరి నెల.

“ఒంట్లో వేడి” అన్నాను.

పానాగఢ్‌కు ముందు ఒక కాలువ వంతెన వచ్చింది. ఎండ వాలుతోంది. అటూ ఇటూ చూస్తే మనిషి లేడు. “దాదా, ఒక్క నిమిషం ఆపు, అర్జంటు” అన్నాను. వెనక ఆడవాళ్ళిద్దరూ నిద్రలో ఉన్నారు. డిక్కీ తీసి మూటను పొట్టకు కరచుకుని పిట్టగోడ దగ్గరికి నడిచాను. నా వయసులో అలాంటి బరువు మోయకూడదు. భయం మోయించింది. గోడ మీద పెట్టి తోశాను. కింద నీళ్ళలో పడిన చప్పుడు విని, దేవా నీకు స్తోత్రం అని చేతులు జోడించాను.

“కీ ఫేల్‌లేన్ ఓటా?”

ఏం పడేశారు అని. నా వెనకే. వంతెన అవతలి పక్క మోటారు సైకిలు ఆపుకుని బీడీ కాల్చుకుంటున్న ఇద్దరు సివిక్ వాలంటీర్లు, పోలీసులకు సాయంగా ఉండేవాళ్ళు, నీలం యూనిఫారంలో. స్తంభం అడ్డమై నాకు కనిపించలేదు.

నాకు బెంగాలీ మాతృభాష అంత బాగా వచ్చు. హిందీ వచ్చు. ఆ క్షణంలో అవి రెండూ నన్ను వదిలేసి వెళ్ళిపోయాయి. నోట్లోంచి మా అమ్మ మాట వచ్చింది.

“ఏటీ నేదు.”

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మీసాలున్నాయన దగ్గరికొచ్చి మళ్ళీ అడిగాడు. “పాథర్” అన్నాను. రాయి. రాయిని గుడ్డలో చుట్టి ఎవరు పడేస్తారు అన్నాడు. ఆలోచిస్తే అతని అనుమానం న్యాయమే. చుట్టిన మూట, ఎత్తుకున్న తీరు, పడేశాక దండం పెట్టడం. రెండోవాడు ఫోను తీసి ఎవరికో చెప్తున్నాడు. ‘పోట్లా’, అంటే మూట, అన్న మాట, తర్వాత గొంతు తగ్గించి ఇంకో మాట వినిపించాయి. బాచ్చా.

పసిబిడ్డ అని అర్థం.

మనిషి లేడనుకున్న చోటికి ఎంతమంది వచ్చారో. పొలాల్లోంచి, టోటో అనే బ్యాటరీ రిక్షాల్లోంచి, సైకిళ్ళ మీది నుంచి. ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండేది. ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుంటూ దగ్గరికి జరుగుతున్నారు. ఆ మాట నోటి నుంచి నోటికి పోయేకొద్దీ మారుతోంది. బిడ్డ అన్నవాళ్ళే కాసేపటికి ఆడపిల్ల అన్నారు. ఎక్కడివాళ్ళు అని ఒకడడిగితే, బయటివాళ్ళు, ఏదో భాష అన్నాడింకొకడు. నేను పుట్టింది లిలువా రైల్వే ఆసుపత్రిలో. ఆ సంగతి వాళ్ళకు చెప్పాలనిపించింది గాని బెంగాలీ ఇంకా తిరిగి రాలేదు. ఒకతను కారు బానెట్ మీద అరచేత్తో కొట్టాడు. లోపల నా భార్య ఉలిక్కిపడి లేవడం, అద్దం అవతల ఆమె పెదవులు కదలడం చూశాను. కీర్తనే. డ్రైవరు దాదా దిగి ఏదో చెప్పబోతే అతని కాలరు పట్టుకున్నారు.

జీపు వచ్చింది. అందులోంచి దిగిన ఆఫీసరు తలకు మంకీ క్యాపు పెట్టుకుని ఉన్నాడు. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. మూట వెతకమన్నాడు. కాలువలో వలేసుకుంటున్న మనిషి మొలలోతు నీళ్ళలో కాళ్ళతో తడుముతున్నాడు. అతని కాలికి అది తగలాలని కోరుకోవాలా, వద్దని కోరుకోవాలా తెలియలేదు. దొరక్కపోతే బిడ్డను చంపినవాడిని. దొరికితే శిలాజాల దొంగను. దేవుణ్ణి ఏమని వేడుకోవాలో తెలియక ప్రార్థన కూడా సగంలో ఆగింది.

అప్పుడు అప్ప కారు దిగింది. జనాన్ని మోచేతులతో తోసుకుంటూ నా దగ్గరికొచ్చింది.

“ఏటిరా ఇది? ఏటి పడేసినావు?”

“అప్పా, నోరు మూసుకో” అన్నాను పళ్ళ మధ్య నుంచి. “నీకేమీ తెలియదు. నువ్వు నిద్రపోయావు. అర్థమైందా?”

“డిక్కీలో నా మూటేదిరా?”

“తెలియదను.”

“నాదైతే తెలీదనడమేటి?”

మేము గుసగుసలాడుతుంటే మంకీ క్యాపు ఆఫీసరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. మూట ఎవరిదని బెంగాలీలో అడిగాడు. అప్పకు ప్రశ్న అర్థమైంది. “ఆమార్” అనబోయింది, నాది అని. ఆ ‘ఆ’ అనేసరికి నేను ఆమె ముందుకొచ్చి నిలబడ్డాను. అదే నోట్లోంచి ఇంతసేపూ రాని బెంగాలీ ఏకధాటిగా వచ్చేసింది. మూట నాది, ఈమెకేమీ తెలియదు, ఆమ్‌ఖోయిలో నేనే తీశాను, నేనే దాచాను, నేనే పడేశాను, నన్ను తీసుకెళ్ళండి, ఆడవాళ్ళను ఇంటికి పంపండి అన్నాను. అంటున్నంతసేపూ గేటు దగ్గర నిలబడిన ఆ పెద్దాయన కనిపిస్తూనే ఉన్నాడు. ఈసారి ఆయన పక్కన నేనూ ఉన్నాను. చిత్రమేమిటంటే, చెప్పేశాక వణుకు ఆగింది. పోయేది పోయింది, ఇంకేముంది వణకడానికి.

అప్ప నా జబ్బ పట్టుకుంది.

నీళ్ళు కారుతున్న మూటను గట్టు మీద పెట్టారు. ఎవరూ ముట్టుకోలేదు. ఆఫీసరే వంగి ముడి విప్పాడు. జనమంతా ఒకేసారి ముందుకు తూలారు. రాయి. పొట్టి, లావు, నల్ల రాయి. చుట్టూ ఎవరో ఊపిరి వదిలారు. కొందరికి నిరాశ కలిగినట్టు కూడా అనిపించింది.

ఆఫీసరు దాన్ని దొర్లించాడు. అడుగు నున్నగా అరిగి, మెరుస్తోంది. పైన పట్టుకునే చోట చుట్టూ ఉలి దెబ్బలు, ఒకదాని పక్కన ఒకటి, వరసగా. నేను గుడ్డ తొలగించి చూసింది నడుము భాగమొక్కటే.

“ఏ తో నోడా” అన్నాడు. ఇది నూరుడు రాయి కదా అని.

“నోడా కాదు బాబా, పొత్రం” అని అప్ప తనకొచ్చిన బెంగాలీలో మొదలుపెట్టింది. ఆ ఊళ్ళో ఒకామె గుమ్మం తలుపు కొట్టుకోకుండా దీన్ని అడ్డం పెట్టుకుందట. వాళ్ళ అత్త నాటిదట, ఇప్పుడు దంచేవాళ్ళెవరూ లేరట. అప్ప తట్టి చూసిందట, పలికిందట. శాలువా ఇచ్చి తెచ్చుకుందట. ఆమె శాలువా కప్పుకుని కారు దాకా వచ్చి మూట ఎత్తించిందట. డ్రైవరు దాదా కాలరు సర్దుకుంటూ, నిజమే అన్నాడు.

“మరి నాకెందుకు చెప్పలేదు?” అన్నాను తెలుగులో.

“రాయి ముట్టుకుంటేనే ఏడేళ్ళన్నావు. రాయి కొన్నానంటే ఊరుకుంటావేటి? ఇంటికెళ్ళినాక సెబుదామనుకున్నాను.”

నా ఏడేళ్ళ చట్టం సంగతి కూడా అప్ప బెంగాలీలో చెప్పాక, ఆఫీసరుకు మొత్తం అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక మంకీ క్యాపు తీసేశాడు. నవ్వుతున్నాడని అప్పుడు తెలిసింది. జనాన్ని పంపేశాడు. అక్కడి శిలాజాలు నిజంగానే తియ్యకూడదని, అది మాత్రం గుర్తుపెట్టుకోమని నాతో అన్నాడు. తర్వాత చాలా గంభీరంగా, ఏడేళ్ళ జైలూ, బెయిలు లేకపోవడమూ, కుటుంబ పింఛను కట్టూ, ఇవన్నీ కోన్ ధారా అని అడిగాడు. ఏ సెక్షను?

నేను తల దించుకున్నాను. వాలంటీర్లిద్దరూ కూడా జవాబు కోసం ఎదురుచూస్తున్నారు.

“ఇంకా నంబరు వెయ్యలేదు” అన్నాను.

రాయిని ఇద్దరు వాలంటీర్లు మోసుకొచ్చి డిక్కీలో పెట్టారు. పానాగఢ్‌లో ఇనప చట్రాల దగ్గర మమ్మల్ని ఆపారు. టార్చి వేసి రాయిని చూసి, అప్పుడే ఫోన్లో కబురందినట్టుంది, నవ్వుకుంటూ పొమ్మన్నారు. అప్ప కళ్ళు తుడుచుకోవడం అద్దంలో చూశాను. ఒకసారి వెనక నుంచి నా భుజం మీద చెయ్యి వేసి, “ఎర్రోడా, నాకోసం జైలుకెళ్తావేటిరా” అంది. నేను కిటికీలోంచి లారీలను చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు మొదటిసారి అవి నన్ను భయపెట్టలేదు.

ఆ మెత్తదనం డాన్‌కుని దాకా నిలిచింది. టోల్ గేటు దగ్గర ఎక్కడో ఆమెకు ‘నంబరు వెయ్యలేదు’ గుర్తొచ్చింది. ఇక లిలువా వచ్చేవరకు నవ్వు ఆగలేదు.

తర్వాతి ఆదివారం గుడి బయట చెప్పింది. బడ్జ్ బడ్జ్‌లో చెప్పింది. ఏక్‌బాల్‌పూర్‌లో మా చిన్నాన్న మనవరాలి పెళ్ళిలో, భోజనాల మధ్య నిలబడి చెప్పింది. నా గొంతుతో “నీకేమీ తెలియదు, నువ్వు నిద్రపోయావు” అని చెప్పేది. నేను మూట ఎత్తిన తీరు, దిండు పొట్టకు పెట్టుకుని చూపించేది. నేను ముందుకొచ్చి నిలబడ్డ సంగతి ఒక్కటి దాటేసేది. అది చెప్తే తనకు ఏడుపొస్తుందని నాకు తెలుసు, తనకు తెలుసు. చివర ఆఫీసరు అడగడం, కాసేపు ఆగడం, నా జవాబు, విన్నవాళ్ళు పగలబడి నవ్వడం. పిల్లలు నన్ను చూస్తే సెక్షన్లు అడగడం మొదలుపెట్టారు.

ఇలా నడుస్తుండగానే రిటైరయ్యాను. లెక్కంతా శుభ్రంగా తేలింది. మొదటి పింఛను బ్యాంకులో పడిన వారం, మా ఆచారం ప్రకారం ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాం. పాస్టరుగారు వచ్చారు, సంఘం వచ్చింది. ఇల్లు నిండిపోయింది. వాక్యం అయ్యాక, ప్రార్థనకు ముందు, నా గురించి ఎవరైనా రెండు మాటలు సాక్ష్యం చెప్పవచ్చన్నారు. అప్ప చీర కుచ్చిళ్ళు సర్దుకుని కుర్చీ ముందుకు లాక్కుంది. కొత్త పాస్టరుగారికి ఆ కథ తెలియదు.

చెప్పడం మొదలుపెట్టింది. రాళ్ళ చెట్లు వచ్చాయి, కాలువ వచ్చింది. జీపు దిగింది. ఆఫీసరు అడిగాడు, కోన్ ధారా. అప్ప ఆగింది. అక్కడ ఆమె ఎప్పుడూ ఆగుతుంది, గదంతా చూస్తుంది, అందరూ తనవైపే చూసేదాకా ఉంటుంది.

నేను లేచాను. వంటింట్లోంచి నా భార్య చేత పెద్ద అట్టపెట్టె మోయించుకొచ్చి, తెచ్చింది తెచ్చినట్టు అప్ప ఒళ్ళో పెట్టాను. నా మొదటి పింఛనుతో, నాకు తల్లి తర్వాత తల్లిలాంటి మా అప్పకు అన్నాను. రంగు కాగితం నేనే చింపాను. కరెంటుతో తిరిగే గ్రైండరు. మిషను పిండి తినేవాడికి నాలుక ఉండదని అనే మనిషికి, అందరి ముందూ. చప్పట్లు మోగాయి. ఎవరో ఫోటో తీశారు. ఫోటోలో అప్ప నవ్వక తప్పలేదు. ఒళ్ళో బరువుతో లేవలేదు, చేతులాడవు, కథ నోట్లోనే ఉంది.

“మరి ఆఫీసరు అడిగాక ఏమైందమ్మా?” అన్నారు పాస్టరుగారు.

“ముందు ప్రార్థన చేసుకుందాం అయ్యగారూ, భోజనాలు చల్లారిపోతున్నాయి” అన్నాను.

అందరూ తలలు వంచారు. నేను ఒక కన్ను కొద్దిగా తెరిచి చూశాను. అప్ప కూడా ఒక కన్ను తెరిచే ఉంది, సూటిగా నా మీదే. నేను గబుక్కున కళ్ళు మూసుకున్నాను. జీవితంలో అంత భక్తిగా ఎప్పుడూ మూసుకోలేదు.